చేతులకు కారం అంటకముందు

భాష నేర్చుకునే ముందు చేతులు శుభ్రంగా కడుక్కోవాలని నాకెవరూ చెప్పలేదు. నోటుబుక్కు, పెన్ను, ఫోను, రోజుకో గంట తీరిక ఉంటే సరిపోతుందనుకున్నాను. కానీ నేను నేర్చుకోవాల్సింది చేతులతో మాట్లాడే భాష. నా చేతులేమో జనవరి మొదలు ఏప్రిల్ ఆఖరు దాకా మిరపకాయల్లోనే ఉంటాయి.

మాది అద్దంకి దగ్గర పల్లె. మిర్చి, పత్తి వేస్తాం. పొలం మా ఆయన చూస్తే, కూలీలతో కాయ కోయించడం, కల్లంలో ఆరబెట్టించడం నా పని. మాకు ఒక్కతే అమ్మాయి. దానికి పుట్టుకతోనే వినిపించదు. ఊళ్లో బడి వల్ల కాదని ఆరేళ్లప్పుడు వినిపించని పిల్లల బడిలో చేర్పించాం. అక్కడే హాస్టల్లో ఉంటుంది. ఇప్పుడు పన్నెండేళ్లు. నేను ఇంటర్ దాకా చదివాను, క్లాసులో ఎప్పుడూ మొదటి ముగ్గురిలో ఉండేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అత్త ఊరంతా చెబుతుంది. ఆవిడ నా గురించి చెప్పేవాటిలో నిజమైంది అదొక్కటే.

క్రిస్మస్ సెలవులకు దాన్ని తీసుకురావడానికి వెళ్లిన రోజు మొదలైంది ఇదంతా. హాస్టలు మెట్ల మీద ముగ్గురు స్నేహితురాళ్లతో కూర్చుని మాట్లాడుతోంది. చేతులు, కనుబొమ్మలు, భుజాలు అన్నీ మాట్లాడుతున్నాయి. ఏదో కథ చెబుతోంది. సరిగ్గా పట్టులో ఆపి, వాళ్లను కాసేపు ఊరించి, మళ్లీ అందుకుంది. ముగ్గురూ పడీ పడీ నవ్వారు. నా కూతురికి అంత వేళాకోళం వచ్చని అప్పటిదాకా నాకు తెలియదు. స్తంభం పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాను.

నన్ను చూడగానే పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది. తర్వాత ఒక అడుగు వెనక్కి వేసి, చేతుల ఊపు తగ్గించుకుంది. నిదానంగా, వేళ్లు నోటి దగ్గర పెట్టింది. అన్నం తిన్నావా? బొటనవేలు పెదవులకు ఆనించింది. నీళ్లు కావాలా? స్టీరింగు తిప్పినట్టు తిప్పింది. బస్సులో వెళ్దామా? అవి దాని మూడేళ్ల వయసులో మా ఇంట్లో మేం కల్పించుకున్న సైగలు. మొత్తం ఒక పదిహేను ఉంటాయి. స్నేహితురాళ్ల దగ్గర అంత కథ నడిపిన పిల్ల, నా దగ్గరికి వచ్చేసరికి చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడుతోంది. చంటిపిల్లను నేనన్నమాట.

బస్సులో నా మొహం చూసి మా ఆయన అన్నాడు, "ఏందే, అట్టా మూతి ముడుచుకుని కూర్చున్నావ్?"

"నీ కూతురు నన్ను బుజ్జగిస్తోందయ్యా, కనపడట్లా?" అన్నాను.

"బుజ్జగిస్తే మంచిదేగా!" అని కిటికీ వైపు తిరిగాడు. ఆ మనిషికి ఏ విషయమైనా రెండోసారి చెబితేగాని ఎక్కదు. నేను రెండోసారి చెప్పలేదు. చెబితే ఏడుపొచ్చేది. ఇంకో నాలుగేళ్లు పోతే నా కూతురికి నాతో చెప్పుకోవడానికి అన్నం, నీళ్లు, బస్సు తప్ప ఏమీ మిగలవన్న భయం ఆ సీట్లోనే నాకు పట్టుకుంది.

సెలవులయ్యాక దాన్ని దింపినప్పుడు వార్డెన్ మేడమ్‌ని అడిగాను. ఆవిడ నెమ్మదస్తురాలు. ఫోనులో చూసి నేర్చుకునే వీడియోలు పంపిస్తానన్నారు. "ఎండాకాలం సెలవులకల్లా నాలుగొందల మాటలు నేర్చుకుంటానండీ" అని చెప్పాను.

"మాటలు లెక్క పెట్టుకోకండమ్మా. పాపతో మాట్లాడాల్సిన సంగతి ఒకటి అనుకోండి. దాని స్నేహితురాళ్ల గురించో, దాని ఒంట్లో ఎలా ఉందనో. ఆ ఒక్క సంగతీ అడగడం, చెప్పడం రెండూ వచ్చాక ఇంకొకటి. పొద్దున ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం పాపకు వీడియోలో ఫోన్ చేయండి, నేను పక్కనుంటాను" అన్నారు.

తల ఊపాను. మనసులో మాత్రం, ఈవిడకి నా సంగతి తెలియదు అనుకున్నాను. ఒక సంగతి, ఇరవై నిమిషాలు! పసిపిల్లలకిచ్చే హోంవర్కు. పైగా వీడియోలో నా వంకర సైగలు ఆవిడ చూస్తారని సిగ్గు. సెలవులకు వచ్చేసరికి ఒక్కసారిగా చూపించి దాన్ని ఆశ్చర్యపరచాలని నా పట్టుదల. ఆదివారం ఫోను ఒక్కటి కూడా చేయలేదు.

మాకు లెక్క లేకపోతే పని జరిగినట్టు ఉండదు. కోత రోజుల్లో మోటారు షెడ్డు గోడ మీద బుట్టకో గీత గీస్తాను. నాలుగు గీతలు నిలువుగా, ఐదోది అడ్డంగా. సాయంత్రానికి గోడ చూస్తే చాలు, ఆ రోజు ఎంత పని అయిందో ఎవరినీ అడగక్కర్లేదు. చదువుకీ అదే పెట్టాను. వంటింటి తలుపు వెనక గోడ మీద, మాటకో గీత. రోజుకు నాలుగు మాటలు. పొద్దున నాలుగున్నరకు లేచి ఒక అరగంట, మధ్యాహ్నం కూలీలు అన్నం తినేటప్పుడు ఒక అరగంట.

మధ్యాహ్నం చదువు వారం తిరక్కుండానే అటకెక్కింది. ఆ రోజు ట్రాక్టరు నీడలో కూర్చుని, సద్దిమూటకు ఫోను ఆనించి, ఒక సైగ చేశాను. వేలు కంటి పక్కన ఆనించి కిందకి దించాలి. పొద్దుటినుంచి కాయ కోసిన వేలు! కెవ్వున కేకేశాను. కళ్లు తెరవలేను, మూయలేను. కూలీల మేస్త్రమ్మ పరుగున వచ్చి మజ్జిగ చెంబు మొహం మీద గుమ్మరించింది. మా దగ్గర పదేళ్లుగా ముఠాను తెస్తున్న మనిషి, నోరు మంచిది కాదు, మనసు మంచిది.

"పొద్దుటినుంచి సూస్తన్నా. ఏందమ్మా, గాల్లో కాయలు కోస్తన్నావా? చెట్టు మీదియి చాల్లా?" అంది. ఆడోళ్లంతా గొల్లున నవ్వారు. నవ్వారన్న కోపం కంటే కళ్ల మంటే ఎక్కువగా ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ పూట కోత ఆగేది.

అప్పటినుంచి పొద్దుటి చదువే. చేతులకు కారం అంటకముందే అయిపోవాలి. కొబ్బరినూనె రాసి, శనగపిండితో రుద్ది కడుక్కున్నా, ముందురోజు ఘాటు గోళ్ల సందుల్లో మిగిలే ఉంటుంది. అందుకని మొహానికి తగలాల్సిన సైగలన్నీ ఒక అంగుళం ఎడంగా చేయడం అలవాటు చేసుకున్నాను. నుదురు తాకాల్సిన చోట నుదుటికి ఇవతల, చెంప తాకాల్సిన చోట చెంపకు ఇవతల.

ఏ మాటలు నేర్చుకున్నానని ఎవరైనా అడిగితే ఇప్పటికీ తల కొట్టుకోవాలనిపిస్తుంది. తేలికైనవి ఏరుకున్నాను. కనపడే వస్తువులైతే తొందరగా వస్తాయి, గీత తొందరగా పడుతుంది. వంకాయ, బకెట్టు, కోడిపుంజు, చీపురు, మబ్బు, గొడుగు. ఒక వీడియోలో జంతువులన్నీ ఉంటే రెండు రోజుల్లో పద్దెనిమిది గీతలు గీశాను. ఆ రెండు రోజులూ మా అత్తకు కూడా నాతో మంచిగానే గడిచింది.

ఏప్రిల్ ఆఖర్లో అమ్మాయి ఇంటికొచ్చేసరికి గోడ మీద నాలుగు వందల పన్నెండు గీతలు.

మొదటి రోజు పండగే. ఇంట్లో దేన్ని చూపిస్తే దానికి సైగ చేశాను. అది నోరు తెరుచుకుని చూసింది. వసారాలోకి, దొడ్లోకి, గేదెల దగ్గరకి లాక్కెళ్లి, ఇదేంటి, అదేంటి అని పరీక్ష పెట్టింది. అన్నీ చెప్పాను. ఒక్కచోట మాత్రం పకపకా నవ్వింది. నా వేలు మొహానికి తగలకుండా గాల్లో ఆగిపోవడం చూసి, అలాగే చేసి చూపించి, వాళ్ల నాయనమ్మకు కూడా చూపించమని ఎగిరింది. నేనూ నవ్వాను. ఆ రాత్రి మా ఆయనతో, "చూశావా?" అన్నాను. చూశానన్నాడు.

రెండో రోజు అది పొద్దున్నే నా పక్కన కూర్చుని కథ మొదలుపెట్టింది. హాస్టలు మెట్ల మీద చూసిన చేతులు, అదే ఊపు. ఇప్పుడు నాకు భాష వచ్చింది కదా మరి! నాకు కుక్క అర్థమైంది. బస్సు అర్థమైంది. చెప్పు అర్థమైంది. కుక్క బస్సుకు అడ్డం వచ్చిందా, చెప్పు పట్టుకుపోయిందా, చెప్పుతో కుక్కను కొట్టారా, కుక్క దీనిదా, ఎవరిదీ కాదా, ఏమీ తెలియదు. అది ఆగి నా మొహంలోకి చూసింది. నేను తల ఊపి నవ్వాను.

ఆ తల ఊపడం ఎంత సులువో! ఒకసారి ఊపితే అది సంతోషంగా ఇంకా చెప్పేది. అర్థం కాలేదని ఒప్పుకుంటే నాలుగు వందల పన్నెండు గీతలూ చెరిపేసినట్టే. నేను మొదటి ముగ్గురిలో ఉన్న మనిషిని, నా వల్ల కాలేదు. రోజూ ఊపాను. రోజుకు పదిసార్లు ఊపాను.

రెండు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం, పడమటి వైపు ఆకాశం ఉన్నట్టుండి నల్లబడింది. కల్లంలో ఆఖరి కోత కాయ ఆరబోసి ఉంది. ఎండిన కాయ ఒక్క వాన తడిసిందా, రంగు పోయి తాలైపోతుంది, ఏడాది కష్టం ఎవరూ ముట్టుకోరు. మా ఆయన కాయ మీద కప్పే పట్టాల కోసం షెడ్డులోకి పరుగెత్తాడు. నేనూ, మేస్త్రమ్మా, ఇంకో నలుగురూ కాయను కుప్పలుగా లాగుతున్నాం. గాలి లేచింది. దుమ్ము, మిరప ఘాటు కళ్లల్లో కొడుతున్నాయి. నోళ్లకు గుడ్డలు కట్టుకుని అరుచుకుంటున్నాం.

అప్పుడు వచ్చింది అమ్మాయి. నా కొంగు పట్టుకుని లాగింది. చెబుతోంది. ఒక కన్ను మబ్బు మీద, ఒక కన్ను దాని చేతుల మీద వేశాను. అన్నం అంది. నిద్ర అంది. ఇంకేవో నాలుగైదు సైగలు. మళ్లీ అన్నం అంది. అన్నం తిని పడుకుంటుందేమో అనుకున్నాను. తల ఊపాను. అది కదల్లేదు. మళ్లీ చెప్పింది, ఈసారి నిదానంగా. మొదటి చినుకు నా చేతి మీద పడింది. నేను ఇంకోసారి తల ఊపి, భుజం తట్టి, ఇంట్లోకి పొమ్మని చెయ్యి చూపించాను. వెళ్లిపోయింది.

కాయ తడవలేదు. వాన కూడా పది చినుకులు రాల్చి అద్దంకి వైపు పోయింది. ఆ సాయంత్రం నేను ఎంతో సంతోషంగా ఉన్నాను.

మర్నాడంతా అమ్మాయి మంచం మీదే ఉంది. అన్నం కెలికి వదిలేసింది. నేను కల్లంలో ఉన్నాను, కాయ మళ్లీ విప్పి ఆరబెట్టాలి కదా. సాయంత్రం మా ఆయన సరుకుతో గుంటూరు యార్డుకు బయలుదేరాడు. ఆ తర్వాతి రోజు పొద్దున నేను లేచేసరికి అది కడుపు పట్టుకుని, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని పడుకుని ఉంది.

మా అత్త చూసి, నా చెయ్యి పట్టుకుని వసారాలోకి లాక్కొచ్చింది. మొహం వెలిగిపోతోంది. "పన్నెండేళ్లు నిండినయ్యిగా. పెద్దమనిషి అవతందే పిచ్చిదానా! నడుములు, కడుపు లాగతయ్యి. నాకూ ఇట్టానే అయింది" అంది. అంటూనే నువ్వులు బయటికి తీసింది. పిల్ల పెద్దమనిషి అయితే చిమ్మిలి పెట్టాలి, మా వైపు ప్రతి ఇంట్లో అంతే. నువ్వులు, బెల్లం కలిపి రోట్లో దంచి ఉండ కడతారు. ఆవిడ రోకలి పట్టుకుని పాతికేళ్లదానిలా దంచుతోంది.

నేనూ నమ్మాను. నమ్మడమే కాదు, నాకు ఇంకో దిగులు పట్టుకుంది. ఈ సంగతి దానికి ఎలా చెప్పాలి? భయపడకు, అందరికీ వస్తుంది, నాకూ వచ్చింది అని ఏ చేతులతో చెప్పాలి? ఫోను తీసుకుని, ఆ మాటల కోసం వీడియోలు వెతుకుతూ కూర్చున్నాను. నా కూతురు లోపల నొప్పితో మెలికలు తిరుగుతుంటే, బయట వసారాలో నేను చదువుకుంటున్నాను. రెండు మాటలు దొరికాయి, కడుపు, నొప్పి. రెండు గీతలు కూడా గీశాను. ఈ ముక్క రాయడానికే నాకు ఒళ్లు మండుతోంది.

తొమ్మిదింటికి కల్లానికి వచ్చిన మేస్త్రమ్మ, అమ్మాయి కనపడలేదని లోపలికి తొంగిచూసింది. చేతులు కొంగుకు తుడుచుకుని, దాని నుదురు మీద ముంజేయి పెట్టింది. కుడి డొక్క కింద మెల్లగా నొక్కింది. పిల్ల గొంతులోంచి వచ్చిన కేక మా వీధి చివరిదాకా వినపడి ఉంటుంది.

"ఏం పెద్దమనిషే? పెద్దమనిషి అయ్యేటప్పుడు ఒళ్లు ఇట్టా కాలిపోద్దా? మా సెల్లెలి కొడుక్కి ఇట్టానే వచ్చింది. లే, బండి పిలు. ఆ రోలు పక్కన బెట్టు పెద్దమ్మా!" అని అరిచింది. మా అత్తను అంత మాట అన్న మనిషి అప్పటిదాకా ఊళ్లో లేదు. మా అత్త రోకలి వదిలేసింది.

పక్కింటివాళ్ల కారులో అద్దంకి వెళ్లాం. అక్కడి డాక్టరు చూసి, ఇక్కడ కాదు, వెంటనే గుంటూరు తీసుకెళ్లండి అన్నారు. దారంతా దాని తల నా ఒడిలో ఉంది. మా ఆయనకు ఫోను చేస్తే ఎత్తడు. యార్డులో ఆ గోలలో ఎవరికి వినపడుతుంది! నేను దాని జుట్టు నిమురుతూ, నాకు తెలిసిన మాటలన్నీ చెప్పాను. నొప్పి. కడుపు. అమ్మ. కారు. అది కళ్లు తెరిచి చూసి, మళ్లీ మూసుకుంది.

బ్రాడీపేటలో ఆసుపత్రి. డాక్టరు గారు కుర్రవాడే, ఒక్క క్షణం వృథా చేయలేదు. "ఎప్పటినుంచి నొప్పి?"

"పొద్దుటినుంచండీ."

"పొద్దుటినుంచేనా? కచ్చితంగా? పాపను అడగండి. మొదట ఎక్కడ వచ్చింది, తర్వాత ఎటు జరిగింది, వాంతులు ఎన్నిసార్లు అయినయి? త్వరగా అడగండమ్మా."

చేతులు లేపాను. కడుపు, నొప్పి, అన్నాను. అది అవునంది. అంతే. ఆ మాట అది పొద్దుటినుంచి చెబుతూనే ఉంది. ఎప్పుడు? ఎక్కడ? ఎలా? ఎన్నిసార్లు? ఈ నాలుగూ నా గోడ మీద లేవు. వంకాయ ఉంది. కోడిపుంజు ఉంది. ఏనుగు ఉంది. జన్మలో ఏనుగు గురించి నా కూతురితో ఏం మాట్లాడదామనుకున్నానో ఆ దేవుడికే తెలియాలి. డాక్టరు గారు కాగితం, పెన్ను దాని చేతికి ఇచ్చారు. కడుపు అని రాసి, పెన్ను జారవిడిచి ముడుచుకుపోయింది. నాలుగు నెలలు చీకటితో లేచి చదివిన తల్లి పక్కనే చేతులు గాల్లో పెట్టుకుని నిలబడి ఉంది.

వార్డెన్ మేడమ్‌కి వీడియో ఫోన్ చేశాను. సెలవులకు నల్లపాడులో వాళ్లింట్లో ఉన్నారు, దండెం మీద బట్టలు ఆరేస్తున్నారు. నా మొహం చూడగానే బట్టలు వదిలేశారు. ఫోను అమ్మాయి ముందు పెట్టాను. మేడమ్ ఒక చేత్తోనే ఏదో అడిగారు. దానికి ప్రాణం లేచొచ్చినట్టు, పడుకునే చేతులు కదిపింది. అంత నొప్పిలోనూ ఎంత వేగంగా చెప్పిందో! చివర్లో నా వైపు చూసి ఇంకేదో చెప్పింది. 

"చెప్పండి మేడమ్, ఏమంటోంది?" అని అరిచాను.

"డాక్టరు గారూ, నొప్పి మొన్న మధ్యాహ్నం అన్నం తిన్నాక మొదలైందంట. ముందు బొడ్డు దగ్గర. పడుకుంటే తగ్గుద్దేమోనని చూసిందంట, తగ్గలేదు. ఆ రాత్రి నిద్ర లేదు. నిన్న కుడివైపు కిందకి దిగింది. నిన్న రెండుసార్లు, ఇవాళ తెల్లారి ఒకసారి దొడ్లోకి వెళ్లి వాంతి చేసుకుంది." డాక్టరు గారు అప్పటికే నర్సుకు ఏదో చెబుతూ బయటికి నడిచారు. మేడమ్ గొంతు తగ్గించారు. "అమ్మా, మొన్న సాయంత్రమే మీకు చెప్పానంటోంది. కల్లం దగ్గర, రెండుసార్లు చెప్పిందంట. మీరు తల ఊపారంట. అమ్మకు తెలుసు కదా, వానకు భయపడి ఆగింది, పని అయ్యాక తీసుకెళ్తుంది అనుకుని ఓర్చుకుందంట."

స్కాను తీశారు. సంతకం పెట్టమన్నారు, పెట్టాను. మధ్యాహ్నం మూడింటికి ఆపరేషనుకు లోపలికి తీసుకెళ్లారు. తలుపు మూసుకునేదాకా అది నా వైపే చూస్తోంది. నేను ఏ సైగా చేయలేదు. చేయడానికి మొహం చెల్లలేదు.

మా ఆయన నాలుగింటికి వచ్చాడు. చొక్కా నిండా మిర్చి దుమ్ము, వరండాలో అందరూ తుమ్ముతున్నారు. "ఏమైందే? ఏమైంది?"

"నేను తల ఊపానయ్యా" అన్నాను.

"ఏంది?"

"అర్థం కాకపోయినా తల ఊపాను."

ఆ మనిషికి ఒకసారి చెబితే ఎక్కదని ముందే చెప్పాను కదా. ఆ రోజు మాత్రం ఎక్కింది. పక్కన కూర్చున్నాడు. ఎదురుగా గోడ గడియారం. ఆ తర్వాతి ముప్పావు గంటలో నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు. దాన్ని ఆశ్చర్యపరచాలనుకున్నాను, మెప్పించాలనుకున్నాను, గోడ నింపాలనుకున్నాను. దాన్ని వినాలని ఒక్కరోజూ అనుకోలేదు. వార్డెన్ మేడమ్ మొదటి రోజే చెప్పారు, దాని ఒంట్లో ఎలా ఉందో అడగడం నేర్చుకోండి అని. ఆవిడకూ తల ఊపాను.

డాక్టరు గారు బయటికొచ్చి, "అపెండిక్స్ పగలడానికి సిద్ధంగా ఉందమ్మా. ఇంకో పూట ఆగుంటే నేనేం చెప్పగలిగేవాణ్ణి కాదు. ఇప్పుడు భయం లేదు" అన్నారు. మా ఆయన ఆయన చేతులు పట్టుకున్నాడు. నేను బల్ల మీదే కూలబడి, ఆసుపత్రి అని కూడా చూడకుండా గట్టిగా ఏడ్చాను.

మర్నాడు మేడమ్ ఆటోలో వచ్చారు. నేను వరండాలోనే పట్టుకున్నాను. "నాకు ఒక్క వాక్యం నేర్పండి. ఇంకేమీ వద్దు."

"ఏ వాక్యం అమ్మా?"

"అర్థం కాలేదు, మళ్లీ చెప్పు."

ఆవిడ నా మొహంలోకి చూశారు. నేను తిట్లు తినడానికి సిద్ధపడ్డాను. ఆవిడ తిట్టలేదు. సంచి కింద పెట్టి, నా పక్కన కూర్చుని నేర్పారు. వేలు కణతకు తగిలించి మొదలవుతుంది. ఆ రోజు అదొక్కటే చదువు. బల్ల మీద, మెట్ల మీద, మందుల చీటీ పట్టుకుని వరసలో నిలబడి, అదొక్కటే. ఎన్నిసార్లు చేశానో లెక్క పెట్టలేదు.

మూడో రోజు అది దిండుకు ఆనుకుని కూర్చుంది. జావ తాగింది. కాసేపు కిటికీలోంచి ఆటోలను చూసి, నా వైపు తిరిగి ఏదో అడిగింది. వేగంగా అడిగింది. నా మెడ అలవాటుగా కదలబోయింది. పళ్లు బిగించి ఆపాను. చేతులు లేపి చెప్పాను. అర్థం కాలేదు. మళ్లీ చెప్పు.

అది బిత్తరపోయింది. ఆ వాక్యం నా దగ్గర ఎప్పుడూ చూడలేదు. మళ్లీ చెప్పింది. మళ్లీ అడిగాను. మూడోసారి చెప్పింది. కల్లం అర్థమైంది, మబ్బు అర్థమైంది. మళ్లీ అడిగాను. నాలుగోసారికి దానికి విసుగొచ్చింది. విసుగంటే మామూలుది కాదు, కనుబొమ్మలు ముడిచి, చేతులు పెద్దవి చేసి, స్నేహితురాళ్ల మీద విసుక్కున్నట్టు. ఆపరేషను అయిన కడుపు పట్టుకుని మరీ విసుక్కుంది. చంటిపిల్లల మీద ఎవరూ అలా విసుక్కోరు. నేను మళ్లీ అడిగాను.

ఐదోసారి ఒక్కొక్కటే విడదీసి చెప్పింది. ఆ రోజు. కల్లం. నేను చెప్పాను. నువ్వు తల ఊపావు. చేతులు ఆగకముందే దాని మొహమంతా ప్రశ్నయిపోయింది. ఎందుకు?

ఆ భాషలో నాకు మొదటినుంచి చివరిదాకా అర్థమైన మొదటి మాట అదే. జవాబు చెప్పాలి. నాలుగు వందల పద్నాలుగు మాటల్లో దానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. నా దగ్గర ఉన్న వాక్యం ఒక్కటే. చెయ్యి కణత దగ్గరికి తీసుకెళ్లి చెప్పాను. అర్థం కాలేదు.

 అది ముందుకు వంగి, నొప్పికి మొహం చిట్లించి, కణతకు అంగుళం ఇవతల గాల్లో ఆగిన నా వేలు పట్టుకుంది. లాగి, కణతకు గట్టిగా నొక్కింది. ఇక్కడ, అన్నట్టు. మూడు రోజులైనా గోళ్ల సందుల్లో కారం పోలేదేమో, చురుక్కుమంది.

మళ్లీ చెప్పు, అంది.

చెప్పాను.